ఈ వయసులో మానేసి ఏం చేస్తారట!

మా బావగారు డెబ్బై ఒకటో ఏట మందు మానేశారు. విన్నవాళ్లు "మంచిపని చేశారు" అంటారనుకున్నాం. చాలామంది అనలేదు. "ఈ వయసులో మానేసి ఇప్పుడేం చేస్తారట?" అన్నారు. దగ్గరి చుట్టం ఒకాయనైతే మా అక్కనే తప్పుపట్టాడు. "పోనిద్దూ అమ్మా, ఆయనకు మిగిలిన సరదా అదొక్కటి. అదీ లాగేసుకుంటే ఎలా?" అన్నాడు. అక్క ఏమీ అనలేదు. నేనన్నాను, కానీ అది ఇక్కడ రాస్తే బాగుండదు.

నేను ముప్పై ఏళ్లకు పైగా ఆస్పత్రి ఫార్మసీలో పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు వారానికోసారి, తాగుడు నుంచో మాత్రల నుంచో బయటపడుతున్న పెద్దవాళ్లు కలుసుకునే చోటికి సాయంగా వెళ్తుంటాను. కుర్చీలు సర్దుతాను, రెండు వారాలు రానివాళ్లకు ఫోన్ చేస్తాను, మాత్రల గురించి ఎవరైనా అడిగితే తెలిసింది చెప్తాను. అంతకుమించి పెద్ద పనేం కాదు.

పాతికేళ్లవాడు తాగితే ఇల్లంతా అరుస్తుంది, ఏడుస్తుంది, డాక్టరు దగ్గరికి ఈడ్చుకెళ్తుంది. డెబ్బై ఏళ్లాయన తాగితే అదే ఇల్లు ఆయన గది తలుపు దగ్గరగా వేసి ఊరుకుంటుంది. పెద్దాయన్ని ఏమంటాం, ఇంకెన్నాళ్లుంటారు అంటారు. అలా ఊరుకోవడం గౌరవమని అందరూ అనుకుంటారు. నాకు మాత్రం మనిషి బతికుండగానే ఆయన పద్దు మూసేసినట్టు ఉంటుంది.

బావగారు మొదటి నుంచీ తాగేవారు కాదు. ఎప్పుడో పండక్కో పబ్బానికో స్నేహితులతో తీసుకునేవారు, అంతే. రిటైరయ్యాక పొద్దున్నే లేచి వెళ్లాల్సిన చోటు లేకపోయింది. ఆ తర్వాత రెండేళ్లకు వాళ్లన్నయ్య పోయారు. రోజూ సాయంత్రం వాకింగ్‌కి కలిసి వెళ్లే మనిషి ఆయనే. ఆ సాయంత్రాలు గ్లాసు చేతికొచ్చింది. ముసలితనంలో తాగేవాళ్లను డాక్టర్లు రెండు రకాలుగా చూస్తారు. వయసులో మొదలుపెట్టి అలాగే కొనసాగినవాళ్లు సుమారు మూడింట రెండొంతులు. ఉద్యోగం పోయాకో, తోడు పోయాకో, నొప్పులు మొదలయ్యాకో అలవాటు పడినవాళ్లు మిగతా ఒక వంతు. ఈ రెండో రకంవాళ్లు వైద్యానికి బాగా లొంగుతారని అంటారు. ఆ సంగతి తెలియక, పాతికేళ్లుగా తాగుతున్నవాడికీ నిన్నమొన్న మొదలుపెట్టినాయనకూ ఒకే పేరు పెట్టి, ఇద్దర్నీ వదిలేస్తాం.

"నేనేం పెంచలేదమ్మా, మొదటి నుంచీ రెండు పెగ్గులే" అనేవారు బావగారు. అబద్ధం కాదు, చాలా కాలం అది నిజమే. గ్లాసు మారలేదు గాని, ఒళ్లు మారింది. వయసు పెరిగే కొద్దీ ఒంట్లో నీటి శాతం తగ్గుతుంది, కాలేయం నెమ్మదిస్తుంది. నలభై ఏళ్లప్పుడు తాగిన కొలతే తాగినా రక్తంలో ఆల్కహాల్ ఎక్కువ తేలుతుంది, ఎక్కువసేపు ఉంటుంది. దానికితోడు బీపీ మాత్ర, షుగరు మాత్ర, కీళ్ల నొప్పుల మాత్ర. రక్తం పల్చబడే మాత్ర వేసుకునేవాళ్లకైతే కిందపడి తలకు చిన్న దెబ్బ తగిలినా ప్రమాదమే. కౌంటర్ దగ్గర ఇవన్నీ పిల్లలకు ఓపిగ్గా చెప్పేదాన్ని. వాళ్లు తలూపి, "నాన్నకు ఇవన్నీ చెప్తే వినరండీ" అని కవరు తీసుకుని వెళ్లిపోయేవారు.

ఒకరోజు తెల్లవారుజామున బావగారు బాత్రూంలో జారిపడ్డారు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ బాగానే జరిగింది. రెండో రాత్రి మొదలైంది అసలు గొడవ. దుప్పటి మీద ఏదో ఏరుతున్నట్టు వేళ్లు ఆడిస్తున్నారు. గోడ నిండా చీమలు పాకుతున్నాయని, తుడవమని నర్సుని కసురుకున్నారు. సెలైన్ గొట్టం లాగేశారు. పోయిన అన్నయ్యని పేరుపెట్టి పిలిచారు. చెమటలు, చేతుల వణుకు. డ్యూటీ డాక్టరు వచ్చి చూసి, "వయసు కదమ్మా, ఆపరేషన్ తర్వాత ఇలా కొంచెం మతి తప్పుతుంది, మామూలే" అన్నాడు. అలా జరగడం మామూలే, నిజమే. అందుకే అసలు కారణం దాని వెనక దాక్కోగలిగింది.

అడ్మిషన్ అప్పుడు నర్సు అడిగిందట, "పెద్దాయన మందు తీసుకుంటారా?" అని. అక్క "అప్పుడప్పుడు" అంది. వరండాలోకి తీసుకెళ్లి నేను మళ్లీ అడిగాను. అక్క ముందు అటూ ఇటూ చూసింది, అల్లుడు దగ్గర్లో ఉన్నాడేమోనని. తర్వాత నెమ్మదిగా, "పెద్ద బాటిల్ మూడు రోజులకు అయిపోతుంది" అంది. "ఆ అమ్మాయి అడిగినప్పుడు అల్లుడు పక్కనే ఉన్నాడే. ఆయన ముందు చెప్పమంటావా?"

రోజూ తాగే మనిషికి మందు ఒక్కసారిగా ఆగిపోతే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. సుమారు 48 నుంచి 96 గంటల మధ్య ఈ చీమలు, ఈ భ్రమలు మొదలవుతాయి. దీన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు. గుర్తుపట్టకపోతే ప్రాణం పోతుంది. ముసలి గుండె అయితే మరీను. డాక్టరుకి బాటిల్ లెక్క చెప్పగానే ఆయన ముఖం మారింది. ముందు థయమిన్, అంటే బి1 విటమిన్ ఇంజెక్షన్, తర్వాత గ్లూకోజ్, వణుకు తగ్గడానికి వేరే మందు. తాగేవాళ్ల ఒంట్లో బి1 అడుగంటిపోయి ఉంటుంది, అది లేకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. రెండు రోజులకు బావగారు మామూలు మనిషయ్యారు. జరిగిందేదీ ఆయనకు గుర్తులేదు. మాకు గుర్తుంది.

ఇక మా పిన్ని సంగతి. బావగారి మాట వస్తే గొంతు తగ్గించి మాట్లాడే చుట్టాలే, పిన్ని విషయంలో గొంతు పెంచి మెచ్చుకునేవారు. "రాత్రి ఒక్క మాత్ర వేసుకుంటుంది, పొద్దున దాకా కదలదు, ఎవర్నీ ఇబ్బంది పెట్టదు" అని. బాబాయ్ పోయినప్పుడు నిద్రపట్టక ఏడుస్తుంటే డాక్టరు కొద్ది రోజులకని రాసిచ్చిన డయాజెపామ్ అది. ఏళ్లు గడిచాయి, డాక్టర్లు మారారు, పాత చీటీ చూసి కొత్తాయన అదే రాశాడు. ఎవరూ ఆపమనలేదు. అడిగి ఆపే తీరికా ఎవరికీ లేదు.

ఈ జాతి మాత్రలు 1960ల మొదట్లో వచ్చాయి. అప్పట్లో వాడుతున్నవాటికంటే భద్రమైనవని డాక్టర్లు సంబరపడ్డారు. పెద్దవాళ్లకు తగని మాత్రల జాబితా ఒకటి 1991లో మార్క్ బీర్స్ అనే డాక్టరు తయారుచేశాడు. దాన్ని ఇప్పటికీ సవరిస్తూ వాడుతున్నారు. అరవై అయిదు దాటినవాళ్లకు వీలైనంత వరకు ఈ నిద్రమాత్రలు వద్దని అందులో స్పష్టంగా ఉంది. ఎందుకంటే డయాజెపామ్ కొవ్వులో నిలవ ఉంటుంది. ఇరవై ఏళ్లవాడి ఒంట్లో సగం తగ్గడానికి దాదాపు 20 గంటలు పడితే, ఎనభై ఏళ్లవాళ్లలో 90 గంటల దాకా పడుతుంది. అంటే నిన్నటిది, మొన్నటిది పోకముందే ఇవాళ్టిది దానిమీద పడుతుంది. పగలంతా మగత, నడకలో తూలు, మాట్లాడుతూ మాట్లాడుతూ దారి తప్పడం. పిన్నికి మతిమరుపు జబ్బు మొదలైందని ఇంట్లో అందరూ ఖాయం చేసుకున్నారు.

నేను అడిగితే కళ్లజోడు పెట్టె తీసి చూపించింది. అందులో కళ్లజోడు లేదు. మూడు స్ట్రిప్పులు, కాగితంలో మడిచిన సగం బ్లేడు. ఒక మాత్ర చాలకపోతే ఇంకో సగం కోసుకోవడానికట. "పిన్నీ, నువ్వు దీనికి అలవాటు పడిపోయావు" అన్నాను. ఆవిడ చాలా నొచ్చుకుంది. "నేనేమన్నా తాగుబోతునా? డాక్టరు రాసిచ్చిందేగా! దుకాణానికి వెళ్లి దొంగచాటుగా కొనుక్కున్నానా?" అంది. పిన్ని మాటలో తప్పుపట్టడానికేం లేదు. ఆవిడ చేసిందల్లా చెప్పినట్టు వినడమే. చీటీ ఉన్నదానికి వ్యసనం అన్న పేరు పెట్టడానికి పెద్దవాళ్లకు మనసొప్పదు, పిల్లలకు అసలు తట్టదు. ఆడవాళ్ల విషయంలో మరీ. మగవాడు తాగితే వీధికి తెలుస్తుంది. ఆడమనిషి మాత్ర వేసుకుని పడుకుంటే నిద్రపోయింది అనుకుంటారు.

డాక్టరుతో మాట్లాడి తగ్గించడం మొదలుపెట్టాం. ఒక్కసారిగా ఆపకూడదు, ఫిట్స్ వస్తాయి. కొన్ని వారాలకోసారి పదో వంతు చొప్పున, కష్టమైతే అక్కడే ఆగి, మళ్లీ. నెలలు పట్టింది. మధ్యలో గుండెదడ, కారణం లేని ఏడుపు, నాలుగింటికే మెలకువ. ఒక రాత్రి నాకు ఫోన్ చేసి, "నన్ను చంపుతున్నావే" అంది. పొద్దున మళ్లీ తనే చేసి, బాబాయ్ కలలో కనపడ్డాడని చెప్పింది. ఆ మాత్రలు వేసుకున్నన్నాళ్లూ తనకు కలే రాలేదట. మాట తడబాటు చాలావరకు పోయింది. ఇప్పుడు పావు మాత్ర దగ్గర ఆగింది, అక్కడి నుంచి కదలనంటోంది. పూర్తిగా మానలేదు కాబట్టి ఇది ఫెయిలే అంటాడు మా అబ్బాయి. వాడు ఎనభైకి దగ్గరపడ్డాక మాట్లాడదాం.

అసలు కొలిచే కొలతల్లోనే పెద్దవాళ్లు జారిపోతారు. మానసిక జబ్బులను గుర్తించడానికి అమెరికా డాక్టర్లు రాసుకున్న పుస్తకం, 2013లో వచ్చిన డీఎస్ఎం-5లో వ్యసనానికి పదకొండు లక్షణాలు చెప్పారు. ఉద్యోగంలో, చదువులో, ఇంటి బాధ్యతల్లో వెనకబడటం అందులో ఒకటి. రిటైరైనాయనకు ఉద్యోగమేదీ, వెనకబడటానికి? ఇంటి బాధ్యతలు కోడలు ఎప్పుడో తీసేసుకుంది. బండి నడపడు, పోలీసుకు దొరకడు. పెద్దవాళ్ల కోసమే మిషిగన్ యూనివర్సిటీలో ఇరవై నాలుగు ప్రశ్నలతో ఒక కాగితం తయారుచేశారు, మాస్ట్-జి అంటారు. అవును, కాదు అంటే చాలు. అయిదు గాని, అంతకుమించి గాని అవునులు వస్తే ఆలోచించాలి. ప్రశ్నలు ఎలా ఉంటాయంటే: కొంచెం తాగాక ఆకలి లేదని భోజనం మానేస్తున్నారా? తాగితే చేతి వణుకు తగ్గుతోందా? ఎవరో పోయాక తాగడం పెరిగిందా? ఒంటరిగా అనిపించినప్పుడు తాగితే బాగుంటోందా? ఆస్పత్రి నుంచి వచ్చాక బావగారికి ఇది చదివి వినిపించాను. భోజనం ప్రశ్న దగ్గర పెద్దగా నవ్వారు. "దీన్నెవరో మన హాల్లో కూర్చుని రాశారు" అన్నారు. నవ్వు ఆగాక ఆ కాగితం తనే తీసుకుని మిగతావి చదువుకున్నారు. నాకు చూపించలేదు, నేనూ అడగలేదు.

మొదట ఆయన్ని అన్ని వయసులవాళ్లూ ఉన్న గ్రూపుకే పంపారు. వెళ్లొచ్చి, "మనవడి ఈడు పిల్లాడు పక్కన కూర్చుని ఏదో పొడి పీల్చానని చెప్తున్నాడు. వాడి ముందు నేను నా బాటిల్ కథ చెప్పాలా?" అని మళ్లీ వెళ్లలేదు. జబ్బు అని ఎంత చెప్పినా ఆ తరానికి అది జబ్బు కాదు, బుద్ధి లేకపోవడం. బయట చెప్పుకుంటే పరువు పోతుంది. చిన్నవాళ్ల ముందు చెప్పుకుంటే మరీ పోతుంది. ఈ భయాన్ని తీసిపారేసే కౌన్సెలర్లను చూశాను, వాళ్ల దగ్గర పెద్దవాళ్లు నిలవరు. మేం కలిసే చోట అందరూ అరవై దాటినవాళ్లే. మధ్యాహ్నం పూటే పెడతాం, చీకటి పడకముందే ఇళ్లకు చేరాలి కదా. చేతులున్న కుర్చీలు, గట్టిగా, నెమ్మదిగా మాట్లాడే మనిషి. మందు గురించి మాట్లాడేది తక్కువ. శుక్లాల ఆపరేషన్, పోయిన భార్య, ఫోన్ చేయని కొడుకు. వ్యసనం ఎక్కడి నుంచి వచ్చిందో అక్కడే తిరుగుతుంటాయి మాటలు.

ఒకసారి కుదురుకున్నాక వీళ్లు రావడం మానరు. వైద్యంలో పెద్దవాళ్లు చిన్నవాళ్లతో సమానంగా, కొన్నిచోట్ల అంతకంటే మెరుగ్గా నిలబడతారని అధ్యయనాల్లో తేలింది. అందరూ అనుకునేదానికి ఇది పూర్తిగా ఉల్టా. తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు సాయపడే సంఘం ఆల్కహాలిక్స్ అనానిమస్‌ 1935లో మొదలైందని చాలామందికి తెలుసు. దాన్ని మొదలుపెట్టిన ఇద్దరిలో ఒకరైన డాక్టర్ బాబ్ ఆ ఏడాది జూన్‌లో మానేసేటప్పటికి ఆయనకు 55 ఏళ్లు. ఆ రోజుల్లో అదేం పడుచు వయసు కాదు. సిగరెట్ల సంగతి తీసుకున్నా అంతే. రిచర్డ్ డాల్ అనే పరిశోధకుడి బృందం బ్రిటన్ డాక్టర్లను యాభై ఏళ్లు గమనించి 2004లో లెక్క తేల్చింది. అరవై ఏళ్లకు మానేసినవాళ్లకు కూడా, కాలుస్తూ పోయినవాళ్లకంటే సుమారు మూడేళ్లు ఆయుష్షు కలిసొచ్చింది. "ఇప్పుడు మానితే ఏం లాభం" అన్నవాళ్లకు నేను చెప్పేది ఇదే. మూడేళ్లు మీకు వద్దా, వద్దంటే సరే.

బావగారు మధ్యలో ఒకసారి జారారు. పాత ఆఫీసు మిత్రులెవరో వచ్చారు, ఒక సాయంత్రం అయింది. మర్నాడు చుట్టాల ఫోన్లలో "మేం చెప్పలా?" అన్న తృప్తి వినపడింది. మనిషి బాగుపడితే రాని ఉత్సాహం, జారితే ఎలా వస్తుందో నాకర్థం కాదు. ఆయన గ్రూపుకొచ్చి ఆ సంగతి తనే చెప్పారు. ఒకావిడ, "మళ్లీ ఒకటి నుంచి లెక్కపెట్టుకోండి, మాకేం తొందరలేదు" అంది. అంతటితో అయిపోయింది.

అందరి కథా ఇంత తేలిగ్గా పోదు. మా గ్రూపులో ఒకాయన ఉన్నారు. వయసులో మొదలుపెట్టి భార్య పోయేదాకా తాగినాయన. ఇప్పుడు మానేశారు, నిజంగానే మానేశారు. ఆయన కూతురు మాత్రం రాదు. కుటుంబాలను పిలిచిన రోజు నేను ఫోన్ చేస్తే, "మా అమ్మ బతికున్నప్పుడు మానాల్సిందండీ" అని పెట్టేసింది. గ్రూపులోని కొందరు పెద్దలకు ఆ పిల్ల మీద కోపం. తండ్రి ఈ వయసులో ఇంత కష్టపడి మారితే క్షమించడానికేం అంటారు. నేనొప్పుకోను. ఆయన మానడం ఆయన ఒంటికి మంచిది, ఆయన మనసుకు మంచిది. ఆ అమ్మాయి చిన్నతనానికి అది బదులు కాదు. తెల్లజుట్టు చూపించి అందరిచేతా చప్పట్లు కొట్టించుకోవాలంటే కుదరదు. ఈ విషయం మిగతావాళ్లకంటే ఆయనకే బాగా తెలుసు. ఆమె ఎప్పుడైనా చేస్తే మనవరాలి చదువు గురించి మాట్లాడుకుంటారు, ఇంకేదీ ఎత్తరు. "అది చాలమ్మా" అంటారు. ఆయన దాన్ని తక్కువగా చూడటం నేను ఎప్పుడూ చూడలేదు.

ఇది చదివి ఎవరైనా ఆవేశంగా ఇంట్లో పెద్దాయన బాటిళ్లు పారబోస్తారేమో, దయచేసి ఆ పని చేయకండి. రోజూ తాగే మనిషికీ, రోజూ మాత్ర వేసుకునే మనిషికీ ఇంట్లో ఉన్నపళంగా ఆపేయడం అన్నిటికంటే ప్రమాదం. ముందు డాక్టరు, తర్వాతే మానడం. ఆస్పత్రిలో చేర్చే అవసరం వస్తే ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. రోజుకు ఎంత, ఎన్నేళ్లుగా, చివరిసారి ఎప్పుడు తాగారు, నిద్రకు ఏ మాత్ర, నొప్పులకు ఏ మాత్ర, దగ్గుకు ఏ సిరప్. అందరి ముందూ నోటితో చెప్పలేనివాళ్లు కాగితం మీద రాయగలరు. మా అక్క రాసింది. ఫోటో తీసి ఫోన్లో పెట్టుకుంది, కొడుక్కీ కూతురికీ పంపింది. ఈసారి అల్లుడికి కూడా పంపింది.